లోకానికి మడతలు నేర్పిన హోల్‌సేల్ బావ

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, అదే నాకున్న జబ్బు," అన్నాడు హోల్‌సేల్ బావ, టీ గ్లాసు బోర్లించిన బకెట్టు మీద పెడుతూ.

నిజానికి అతను మాలో ఎవరికీ బావ కాదు. లాండ్రీలో చేరిన మొదటి రోజే అందర్నీ వరసలు పెట్టి పిలవడం మొదలెట్టాడు, మేమూ బావా అనేశాం. ఏ మాటా చిల్లరగా చెప్పడు, చెప్తే టోకునే చెప్తాడు కాబట్టి ముందు హోల్‌సేల్ తగిలించాం. మా దగ్గర అతని పని తడిబట్టల బండి తొయ్యడం. ఉతికే గది నుంచి రోలరు ఇస్త్రీ దగ్గరికి, అక్కణ్ణుంచి మడతల బల్ల దగ్గరికి. దార్లో ఎవరు కనిపించినా బండి ఆగుతుంది, నోరు మొదలవుతుంది.

ఆ రోజు మాత్రం మేమే బండి ఆపి అతన్ని కూర్చోబెట్టాం. పొద్దున్నే ఎవరో కంపెనీవాళ్ళు ఒక అట్టపెట్టె తెచ్చి మేనేజరు గదిలో దించారు. అందులో తలకి కట్టుకునే పట్టీ, నుదుటి మీదకి వచ్చేలా పట్టీకో చిన్న కెమెరా, చేతులకి తీగలున్న గ్లవుజులు. మాది హోటళ్ళవీ ఆసుపత్రులవీ దుప్పట్లు ఉతికే లాండ్రీ. ఉతకడం, పిండడం, ఆరబెట్టడం ఎప్పట్నుంచో మిషన్లే చేస్తున్నాయి. మడతలు మాత్రం ఇంకా మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. మా అందరిలోకీ బాగా మడతపెట్టేవాళ్ళెవరో ఒకరు ఆ పట్టీ కట్టుకుని పని చేస్తే, ఆ చేతుల్ని చూసి రోబోలు నేర్చుకుంటాయట. "మీలో పనిమంతులెవరో మీరే తేల్చుకుని టీ అయ్యేసరికి చెప్పండి," అనేసి మేనేజరు వెళ్ళిపోయాడు.

అందులో తేల్చుకోవడానికేముంది? పెద్దక్కే. మేమెవరం చేరకముందు నుంచీ ఆ మడతల బల్ల దగ్గర నిలబడి ఉంది. పెద్దక్కకి పొద్దుట్నుంచీ ఒకటే దిగులు. కట్టుకోనంటే ఇవాళే తనని పొమ్మంటారేమో, కట్టుకుంటే రోబోలకి పని వచ్చాక అందర్నీ పొమ్మంటారేమో. "నాకు మడతలు తప్ప ఇంకేం వచ్చు? వంట కూడా మా ఆయనే చేస్తాడు," అంది. నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాం.

బావ ఇంతకుముందు చేసిన లాండ్రీలోకి ఇలాంటి పట్టీలు మాకన్నా ముందే వచ్చాయని తెలిసింది. అందుకని స్టోరు గదిలో సబ్బు డ్రమ్ముల మీద అతని చుట్టూ చేరాం. పెద్దక్క, మరకలు వదలగొట్టే మరకల డాక్టరు, బాయిలరు చూసుకునే మామ, రోలరు దగ్గర పనిచేసే నేను.

"అక్కడ పట్టీ కట్టించాక పనివాళ్ళని ఉంచారా, తీసేశారా? ఆ ఒక్క ముక్క చెప్పు బావా," అంది పెద్దక్క.

"ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు పెద్దక్కా. మొదట్నుంచీ రావాలి."

"అయితే రా. తొందరగా రా."

బావ గొంతు సవరించుకున్నాడు.

"మొదట్లో అది చాలా చిన్న విషయం. చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది. కంపెనీ ఇంజనీర్లు ఒక రోబోని తెచ్చి నిలబెట్టారు. తువ్వాలు ఇచ్చారు, మడతపెట్టింది. దిండు గలీబు ఇచ్చారు, పెట్టింది. అప్పుడిచ్చారు ఎలాస్టిక్ దుప్పటి. నాలుగు మూలలా ఎలాస్టిక్ కుట్టి ఉంటుందే, అది. దాని సంగతి మీకు నేను చెప్పాలా? పరుపుకి తొడుక్కోమంటే తొడుక్కుంటుంది గానీ మడతకి రమ్మంటే రాదు, ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల జారిపోతుంది. రోబో దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, చివరికి తనే అందులో దూరి చిక్కుకుపోయింది. ఇంజనీర్లు తలలు పట్టుకు కూర్చున్నారు. నేను ఊరికే అటు పోతున్నవాణ్ణి పోతూ పోతూ దుప్పటి అందుకున్నా, మూలలో మూల దూర్చా, ఫట్‌మని ఒక్క దులుపు దులిపా, బల్ల మీద పెట్టా. పుస్తకంలా కూర్చుంది. పెద్ద ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, 'సార్, ఇంకొక్కసారి' అన్నాడు. నన్ను సార్ అన్నాడు. అక్కడివరకు అక్షరాలా నిజం."

"అక్కణ్ణుంచి?" అన్నాడు మరకల డాక్టరు.

"అక్కణ్ణుంచి ఇంకా నిజం. మధ్యలో అడ్డొచ్చావంటే లేచిపోతా డాక్టరూ, నాకసలే కోపం ఎక్కువ."

"లేచిపోతే బండి తొయ్యాలి. కూర్చో, చెప్పు."

"నా తలకి పట్టీ కట్టారు. నేను మడతపెడుతూ పోయా, రోబో చూస్తూ పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొత్తం పని నేర్చేసుకుంది. నేర్చుకోవడమంటే అలాంటిలాంటి నేర్చుకోవడం కాదు. నాకొక అలవాటుంది, దుప్పటి దుప్పటికీ మధ్య కుడిచెవి గోక్కుంటా. ఎందుకంటే తెలీదు, పుట్టుకతో వచ్చింది. రోబో కూడా దుప్పటి దుప్పటికీ మధ్య చెయ్యెత్తి గోక్కోవడం మొదలెట్టింది. దానికి చెవేదీ? ఉత్త గాలిని గోక్కుంటోంది. ఇంజనీర్లకి అది చూసి తలకొట్టేసినట్టయింది. కంపెనీ పెద్దలొస్తున్నారు, గోకుడు తీసెయ్యండి అన్నారు. తీసేశారు. తీసెయ్యగానే మడత వంకరపోయింది. గోకుడు మళ్ళీ పెట్టారు, మడత నిటారుగా వచ్చింది. తీస్తే వంకర, పెడితే నిటారు. పనితనమంతా ఆ గోకుడులోనే ఉందని అప్పుడు తేలింది. ఏం చేస్తారు? రోబోలన్నిటికీ చెవులు పెట్టించారు."

"చెవులా?" అన్నాడు బాయిలరు మామ.

"రబ్బరు చెవులు మామా. మెత్తగా ఉంటాయి. ఒక్కో రోబోకి ఒక్కటే, కుడిపక్కది. అవి తయారుచెయ్యడానికి చెవుల ఫ్యాక్టరీ ఒకటి పెట్టాల్సొచ్చింది. నువ్వు అడిగావే పెద్దక్కా, పనివాళ్ళేమయ్యారని. అందులో చేరారు. అందరూ. కుర్చీలో కూర్చుని చేసే పని, మోకాళ్ళ నొప్పులుండవు."

పెద్దక్క వంగి మోకాలు రాసుకుంది. "ఎక్కడుంది ఆ ఫ్యాక్టరీ?"

"అదిప్పుడు లేదు. కథ అక్కడితో ఆగలేదుగా మరి!"

"ప్రపంచంలోని రోబోలన్నిటికీ నీ పని వచ్చేస్తే వీళ్ళు మళ్ళీ మా దగ్గరికెందుకొచ్చారు?" అన్నాను నేను.

"ఇది వేరే కంపెనీ తమ్ముడూ. ఒకళ్ళు నేర్చుకున్నది ఇంకొకళ్ళకి చెప్పరు. వీళ్ళు నన్ను బతిమాలారు, నేనే సమయం లేదన్నా. సరే, విను. నా చేతులు అంత బాగా కుదిరాయని తెలిశాక ఆసుపత్రులవాళ్ళు ఊరుకుంటారా? ఆపరేషన్లు చేసే రోబోకి మీ లాండ్రీవాడి చేతులే కావాలని పట్టుబట్టారు. ఇచ్చారు. మొదటి ఆపరేషను దివ్యంగా జరిగింది. కోసింది, తియ్యాల్సింది తీసింది, కుట్టింది, చెవి గోక్కుంది. గోక్కున్నాక దానికి గుర్తొచ్చేది మడతే కదా! రోగిని నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి మడతపెట్టి తీసుకెళ్ళి అరలో పెట్టేసింది."

"పోయాడా?"

"ఎందుకు పోతాడు? హాయిగా నిద్రపోయాడు. సాయంత్రం పెళ్ళాం వచ్చి అడిగితే అరలోంచి తీసి, దులిపి ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఉన్న నడుంనొప్పి ఆ దులుపుతో పోయిందని వాడే చెప్పాడు. ఆసుపత్రివాళ్ళ ఆనందం చూడాలి, మంచాల కొరత తీరిపోయింది! ఒక్క బీరువాలో వార్డంతా సర్దేస్తున్నారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు ఎక్కువసేపు కూర్చుంటే వాళ్ళనీ సర్దేస్తున్నారు."

మామకి టీ పొలమారింది. బావ ముఖంలో మాత్రం ఒక్క గీత కూడా కదల్లేదు. మీటరు రీడింగు చదువుతున్నవాడిలా ఉన్నాడు.

"అప్పుడొచ్చిందొక ముసలావిడ. ముఖం నిండా ముడతలు. నలిగిన బట్ట కనిపిస్తే నా చేతులు ఆగుతాయా? కాస్త ఆవిరి పట్టి ఒక్క లాగు లాగింది రోబో. ఆవిడ ఇంటికెళ్ళి తలుపు కొడితే కూతురు తీసి, 'మా అమ్మ ఊళ్ళో లేదమ్మాయ్, రేపు రా' అని తలుపేసుకుంది. ఇంకేముంది, ముసలివాళ్ళంతా ఆసుపత్రుల ముందు బారులు తీరారు. కొన్నాళ్ళకి ముసలితనమనేదే లేకుండా పోయింది. బస్సుల్లో ముసలివాళ్ళకని ఉంచిన సీట్లు ఖాళీగా తిరుగుతున్నాయి, కూర్చుంటే వయసు ఒప్పుకున్నట్టేనని ఒక్కరూ కూర్చోరు. ముత్తాతా మునిమనవడూ ఒకే క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చుని కొట్టుకుంటున్నారు. ముత్తాతని తీసుకుని తల్లిదండ్రులు బడికి రావాలని టీచరు కబురు పెడితే, ఆ తల్లిదండ్రులు కూడా వచ్చారు, బతికే ఉన్నారు కాబట్టి!"

"ముసలితనం లేకపోతే ఎవరూ రిటైరు కారు. అలాంటప్పుడు అంతమందికి పనెక్కడిది?" అంది పెద్దక్క. ఆమె నవ్వడం లేదు. పొద్దుట్నుంచీ పట్టుకున్న ప్రశ్నని వదల్లేదు.

"మంచి మాట అడిగావు. అక్కడికే వస్తున్నా." బావ గ్లాసు ఎత్తి చూశాడు, ఖాళీగా ఉంది. మళ్ళీ పెట్టేశాడు. "నా చేతులతో పాటు నా కోపం కూడా రోబోలకి వెళ్ళింది పెద్దక్కా. టీ వేళకి టీ పడకపోతే నేను మనిషిని కాదని మీకు తెలుసు. ఓ రోజు సరిగ్గా నేను టీకి లేచే వేళకి లోకంలో ఉన్న రోబోలన్నీ ఒక్కసారిగా పని ఆపేసి నిలబడ్డాయి. దుప్పట్లు మడిచేవి, కార్లు బిగించేవి, బ్యాంకుల్లో లెక్కలు చూసేవి, అన్నీను. ఎన్ని మీటలు నొక్కినా కదలవు. ఇంజనీర్లు కాళ్ళావేళ్ళా పడ్డారు. చివరికి ఎవడో తెలివైనవాడు ఒక రోబో ముందు టీ పెట్టి చూశాడు. తాగదు. కానీ టీ చల్లారేదాకా దాని వంక చూసి, అప్పుడు పని మొదలెట్టింది. ఆ దెబ్బతో ప్రపంచమంతా నా టీ వేళకి సెలవు. అక్కడ అర్ధరాత్రి అయినా సరే, లేచి టీ పెట్టాల్సిందే. ఇప్పుడు అడిగిందానికి జవాబు. పనివాళ్ళందరికీ ఆ పనే ఇచ్చారు. రోబోలకి టీ పెట్టడం, ఆ టీ చల్లారేదాకా కూర్చోవడం."

"చెవుల ఫ్యాక్టరీలో చేరారన్నావు," అన్నాడు డాక్టరు.

"అది పొద్దుట షిఫ్టు."

డాక్టరు నా వంక చూశాడు, నేను పైకప్పు వంక చూశాను. పెద్దక్క మాత్రం అతని ముఖంలోకే చూస్తోంది.

"మీరు నమ్మరని తెలుసు. అందుకే యుద్ధం సంగతి చెప్పకూడదనుకున్నా."

"చెప్పకు," అంది పెద్దక్క.

"చెప్పమంటున్నారు కాబట్టి చెప్తున్నా. రెండు పెద్ద దేశాలు, పేర్లు చెప్పను, మాటిచ్చా. ఇద్దరికీ పడదు. ఒక దేశపు సేనాపతి దగ్గర చిన్న మీట ఉండేది, నొక్కితే అవతలి దేశం మాయం. అది ఎప్పుడూ ప్యాంటు జేబులోనే పెట్టుకు తిరుగుతాడు. ఓ రోజు ఆ ప్యాంటు ఉతుక్కి పడింది. అక్కడ లాండ్రీ రోబోవి ఎవరి చేతులు? నావి. బట్ట నీళ్ళలో వెయ్యకముందు జేబులు తడుముతానా లేదా? పెన్నో, బస్సు టిక్కెట్టో దొరికితే ఏం చేస్తాను?"

"పోయిన వస్తువుల డబ్బాలో వేస్తావు," అన్నాను.

"అదీ! వేసేసింది. సేనాపతి తెల్లారి ప్యాంటేసుకుని, అవతలివాళ్ళ మీద మండిపడి జేబులో చెయ్యి పెడితే ఏముంది? జేబు. మీటెక్కడని ఊరంతా వెతికించాడు. రోబోనడిగితే, మా పద్ధతి ప్రకారం వస్తువు గుర్తులు చెప్పి తీసుకెళ్ళమంది. గుర్తులు చెప్పకూడదు, మిలటరీ రహస్యం! చెప్పకపోతే అది ఇవ్వదు. ఇవాళ్టికీ ఆ మీట జత పోయిన చెవి రింగుతోనూ విరిగిన దువ్వెనతోనూ కలిసి ఆ డబ్బాలోనే ఉంది. అవతలి దేశంవాళ్ళకి ఈ సంగతి తెలిసి వాళ్ళ సేనాపతి ప్యాంటు కూడా ఉతుక్కి వేశారు. లోకంలో యుద్ధాలు ఆగింది చర్చల వల్ల అనుకుంటున్నారు జనం. పోనీలే, నాకు పేరెందుకు?"

"ఉతుకుడు అయిందిగా. ఇక ఆ ఒక్క ముక్కా చెప్పు బావా, టీ టైము అయిపోవచ్చింది," అన్నాడు మామ జాలిగా. ఆ జాలి పెద్దక్క మీద.

"అయిపోయింది మామా, ఆఖరుది. ఆకాశంలో ఉపగ్రహాలు బాగుచెయ్యడానికి ఒక రోబోని పైకి పంపారు. నా చేతులే. అది పనిచేసుకుంటూ కిందకి చూసింది. చూస్తే భూమి. ఎలా ఉంది? ఎక్కడపడితే అక్కడ కొండలు, లోయలు. ఎవరో తడిగా ఉన్నప్పుడే పిండి పడేసినట్టు నలిగిపోయి ఉంది. ఇక దాని ప్రాణం ఊరుకుంటుందా? ఈ అంచు పట్టుకుని లాగింది, కొండలన్నీ సాపయ్యాయి. సముద్రం మీద చెయ్యి తిప్పింది, అలలు పోయి అద్దంలా అయింది. సాపు చేసింది ఊరికే వదిలేస్తుందా, మడతపెట్టడం మొదలెట్టింది! ఈ దేశం మీదకి ఆ దేశం, ఈ వీధి మీదకి ఆ వీధి. ఎక్కడో దూరాన ఉద్యోగం చేసేవాడు వంటింటి తలుపు తీస్తే వాళ్ళమ్మ వంటిల్లు. విమానాలవాళ్ళు దివాలా. ఒకరి భాష ఒకరికి రాదు గానీ, గోడకి గోడ ఆనుకుని ఉన్నాక ఎన్నాళ్ళని మాట్లాడుకోరు? ముందు ఉప్పు అడిగారు, తర్వాత తిట్టుకున్నారు, తర్వాత వియ్యమందుకున్నారు. ప్రపంచమంతా ఒకటే ఇల్లు. బాగానే ఉంది కదా అనుకుంటున్నానా, ఇంతలో ఒక చిక్కొచ్చి పడింది. మడత పడే చోట, సరిగ్గా ఆ గీత మీద ఒక ఇల్లుంది. ఎవరిదనుకున్నారు? మాదే! మధ్యాహ్నం వేళ, మా ఆవిడ ఒక్కతే ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఉంది, చూస్తే పైనుంచి లోకం మొత్తం మా కప్పు మీదకి వంగుతోంది. ఆగు అని నేనొక్క కేక పెట్టా, ఆకాశంలో ఉన్న నా చేతులు..."

"మధ్యాహ్నం వేళ ఆవిడ ఇంట్లో ఎందుకుంది?" అంది పెద్దక్క.

బావ ఆగాడు. "ఏంటి?"

"మేమిద్దరం ఒకే లాండ్రీలో పనిచేసేవాళ్ళమని చేరిన రోజు నువ్వే చెప్పావు. పనిరోజు మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో కిటికీ దగ్గరెందుకు కూర్చుంది?"

భూమిని మడతపెట్టినవాడు ఆ ఒక్క మాట దగ్గర తడబడ్డాడు. ఆవిడకి ఆ రోజు సెలవన్నాడు. ఒంట్లో బాగాలేదన్నాడు. చెవుల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టన్నాడు.

మరకల డాక్టరు లేచి బండిలోంచి ఒక ఎలాస్టిక్ దుప్పటి లాగి అతని ఒళ్ళో పడేశాడు. "మడతపెట్టు బావా."

"ఇదా? ఇది నాసిరకం ఎలాస్టిక్..."

"పెట్టు."

పెట్టాడు. ఒక మూల పట్టుకున్నాడు, రెండోది జారింది. రెండోది పట్టుకుంటే మొదటిది ఎగిరి ముఖాన కొట్టింది. గడ్డం కింద నొక్కిపెట్టుకుని, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మొత్తానికి ఉండచుట్టి పక్కనున్న డ్రమ్ము మీద పెట్టాడు. అది మెల్లగా విచ్చుకుని నేల మీద పడింది. ఇన్నేళ్ళ లాండ్రీ బతుకులో అంత ఘోరమైన మడత నేను చూడలేదు. పగలబడి నవ్వాం. పెద్దక్క ఒక్కతే నవ్వలేదు.

"అక్కడ మడతలు పెట్టింది మీ ఆవిడ," అంది.

బావ నేల మీది దుప్పటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పటిదాకా వినని గొంతుతో మాట్లాడాడు.

"అక్కడా నా పని ఈ బండి తొయ్యడమే పెద్దక్కా. మడతలు తనవే. పట్టీ కట్టారు గానీ రోబోకి మూడు మూలలే వచ్చాయి. నాలుగోది ఎంతకీ రాలేదు. రోజుల తరబడి దుప్పట్లు పాడుచేసింది. ఇంజనీర్లు విసుగెత్తి సామాను సర్దేసుకుంటున్నారు. మా ప్రాణం లేచొచ్చింది. అందరం అక్కడే నిలబడి చూస్తున్నాం. పోతూ పోతూ దానికి ఆఖరిసారి ఒక దుప్పటి ఇచ్చారు, అది మళ్ళీ ఆ మూల చెడగొడుతోంది. మా ఆవిడ చూడలేకపోయింది. ఎవరూ అడగలేదు. వెళ్ళి దాని చెయ్యి పట్టుకుని, 'అలా కాదమ్మా, వేలు లోపలికి పెట్టి తిప్పు' అంది."

బాయిలరు కూత వేసింది. మామ కదల్లేదు.

"తిప్పింది. వచ్చేసింది. నెల తిరక్కుండా గేటు బయట ఉన్నాం, అందరం. తనతో కలిసి అన్నం తిన్నవాళ్ళే ముఖం మీద అన్నారు, మా నోటి దగ్గర కూడు తీశావని. అప్పట్నుంచీ గడప దాటదు. అందుకని ఎక్కడికెళ్ళినా రోబోలకి నేర్పింది నేనేనని చెప్తా. నేను చెప్తే ఎలాగూ ఎవరూ నమ్మరు. నవ్వుకుని వదిలేస్తారు. తన పేరు రాదు."

పెద్దక్క కళ్ళు తుడుచుకుంది, దాచుకోవాలని చూడలేదు. "పిచ్చితల్లి, నేనైనా అదే చేసేదాన్ని," అంది.

"నువ్వు చెయ్యకూడదు. పట్టీ కట్టుకుని తప్పుగా మడతపెట్టు. ఏం నేర్చుకుంటాయో చూద్దాం," అన్నాడు డాక్టరు.

పెద్దక్క బావ ఒళ్ళోని దుప్పటి తీసుకుని, కావాలని మూలని వదిలేసింది. చెయ్యి దానంతటదే వెళ్ళి మూలని అందుకుంది. మళ్ళీ వదిలేసింది. మళ్ళీ అందుకుంది. కళ్ళు మూసుకుని ప్రయత్నించింది. కళ్ళు తెరిచేసరికి ఒళ్ళో దుప్పటి పుస్తకంలా ఉంది. "నా వల్ల కాదురా," అంది ఏడుపు గొంతుతో. "చేతులు వినడం లేదు."

నాకూ అంతే అవుతుందని తెలుసు. రోలరు దగ్గర ఇన్నేళ్ళు అంచులు పట్టినవాణ్ణి, వంకరగా పట్టడం నాకూ రాదు. మామకి బాయిలరు, డాక్టరుకి మరకలు. మా అందరిలోకీ నిజాయితీగా, మనస్ఫూర్తిగా, ఎన్నిసార్లు పెట్టినా కొత్తగా చెడగొట్టగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. ఒకరి తర్వాత ఒకరం అతని వంక తిరిగాం.

"ఏంటి?" అన్నాడు బావ. మేమేం అనకుండానే అతనికి అర్థమైంది. జీవితంలో మొదటిసారి భయపడ్డాడు. "నేనా? నాకు రాదు!"

"అదే కావాలి," అంది పెద్దక్క. "మీ ఆవిణ్ణి కూడా నా బల్ల దగ్గరికి తీసుకురా. కానీ ఇవాళ వద్దు. ఈ రోబోలవాళ్ళు వెళ్ళాక తీసుకురా. నువ్వు మడతపెడుతుంటే ఆవిడ చూస్తూ ఊరుకోగలదా?"

తలుపు తెరుచుకుంది. మేనేజరు, వెనకాలే అట్టపెట్టెతో కళ్ళజోడు పెట్టుకున్న కంపెనీ ఇంజనీరమ్మాయి. "తేల్చుకున్నారా?" అన్నాడు మేనేజరు, పెద్దక్క వంక చూస్తూ.

"తేల్చుకున్నాం. మా అందరిలోకీ పనిమంతుడు ఇతనే. ఈ చేతులకి సాటి ఎక్కడా లేదు," అంది పెద్దక్క. జన్మలో అబద్ధం ఆడని మనిషి, రెప్ప కూడా వెయ్యలేదు.

మేనేజరు బండి వంక చూశాడు, బావ వంక చూశాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు. మడతలు పెట్టే మనుషులే లేకపోతే మేనేజరు మాత్రం ఎవరి మీద మేనేజరు? ఆ ఆలోచన అతనికీ వచ్చినట్టుంది, నోరు మూసుకుని కిటికీ వైపు తిరిగాడు.

ఇంజనీరమ్మాయి ఎంతో మర్యాదగా బావ తలకి పట్టీ కట్టింది, గ్లవుజులు తొడిగింది, కెమెరా సరిచేసింది. "ఎలాస్టిక్ దుప్పట్లతో మీకు బాగా అనుభవం ఉందా సార్?" అని అడిగింది.

బావ మా వంక చూశాడు. ఇప్పుడు గనక మొదలెట్టాడంటే ఆకాశం దాకా వెళ్తాడు, ఆ అమ్మాయికి అనుమానమొస్తుంది, పట్టీ ఊడదీసి పెద్దక్కకి కడుతుంది.

బావ తల వంచుకున్నాడు.

"ఏదో, కొద్దిగా," అన్నాడు.